రాజపాళయంలో ఉద్యోగం: మేస్త్రీ మాట నుంచి ఆఫర్ లెటర్ దాకా

మన ఊరి చరిత్ర చెప్పమంటే మనవాళ్ళు విజయనగరం దగ్గర మొదలుపెడతారు. సైన్యంతో దక్షిణానికి వచ్చాం, పడమటి కనుమల కింద పాళెం వేసుకున్నాం, కోటల పేర్లతో వీధులు ఏర్పడ్డాయి, చావిళ్ళు కట్టుకున్నాం, ఇంట్లో తెలుగు వదల్లేదు. ఈ మాటలు పెళ్ళి పందిట్లో, చావిడి అరుగు మీద ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. అది మనకు గర్వమే. కానీ ఇవాళ పళయపాళయంలోనో పుదుపాళయంలోనో ఒక వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, తాళం వేసిన ఇళ్ళు ఎన్ని ఉన్నాయో చూస్తే, ఆ తాళాలకు విజయనగరంతో సంబంధం లేదు. ఉద్యోగంతో ఉంది.

అందుకే ఈసారి ఉద్యోగాల చరిత్ర రాస్తున్నాం. మరీ ముఖ్యంగా యంత్రం పని, ఇంజనీరింగ్, కంప్యూటర్, అంటే ఇప్పటి మాటలో టెక్నికల్ ఉద్యోగాల సంగతి. ఈ తొంభై ఏళ్ళను చూడడానికి రెండే ప్రశ్నలు పెట్టుకున్నాం. పిల్లవాడికి పని ఎవరు నేర్పారు? పనిలోకి ఎవరు తీసుకున్నారు? ఈ రెండూ ఒకే చేతిలో ఉన్న రోజుల్లో ఊరు నిండింది. నేర్పేది ఒకరు, తీసుకునేది ఇంకొకరు అయ్యాక ఊరు ఖాళీ అవుతూ వచ్చింది. మాకు కనిపించింది ఇది. ఎందుకలా అనిపించిందో వరసగా చెప్తాం.

మిల్లుకు ముందు

మిల్లులు రాకముందు మనవాళ్ళకు ఉద్యోగం అనే మాటే పెద్దగా లేదు. పొలం ఉంది, చెరువు ఉంది, కొండ కింద మామిడి, కొబ్బరి తోటలున్నాయి. తూర్పున నల్లరేగడి నేలలో పత్తి పండేది. ఆ పత్తి విరుదునగర్ సంతకు పోయేది. పక్కనే ఛత్రపట్టిలో మగ్గాల మీద కట్టుబట్ట నేసేవాళ్ళు. ఆసుపత్రుల్లో గాయాలకు చుట్టే బ్యాండేజీ బట్టకు ఛత్రపట్టి ఇప్పటికీ పేరున్న చోటే.

ఆ రోజుల్లో పని నేర్పేది ఇల్లే. వడ్రంగి కొడుక్కి వడ్రంగం, కమ్మరి కొడుక్కి కొలిమి, రైతు కొడుక్కి కపిల తోలడం. తండ్రి నేర్పాడు, తండ్రే పనిలో పెట్టుకున్నాడు. అందులో ఎంపిక లేదు, పోటీ లేదు. ఇంకో దారి కూడా లేదు.

ఈలోగా చుట్టుపక్కల లోకం మారిపోతూ ఉంది. హార్వీ సోదరుల కంపెనీ 1880లలోనే తామ్రపర్ణి ఒడ్డున పాపనాశం దగ్గర నూలు మిల్లు పెట్టింది. 1892లో మదురైలో పెట్టింది. మన పత్తి తెల్లవాళ్ళ మిల్లులకు పోయి నూలుగా మారుతోంది. 1927లో విరుదునగర్ నుంచి తెన్‌కాశికి రైలు మార్గం తెరిచారు, దారిలో మన ఊరికి స్టేషన్ వచ్చింది. ఇక పత్తి బస్తాలు ఇంకా తొందరగా వెళ్ళాయి. బస్తాలతో పాటు కొందరు కుర్రవాళ్ళు కూడా మదురై మిల్లుల్లో పనికి వెళ్ళారు. పత్తి మనది, మిల్లు వాళ్ళది, పని నేర్చుకోవాలంటే వాళ్ళ గేటు దగ్గర నిలబడాలి. ఇది ఆ తరం పెద్దల మనసులో ముల్లులా గుచ్చుకునే ఉండాలి.

1936: మన గేటు

1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించారు. ఆయన 1894లో పుట్టినవారు. ఆ తర్వాత 1939లో రామరాజు సర్జికల్ కాటన్ మిల్స్ వచ్చింది. అది ఛత్రపట్టి కట్టుబట్టకు అన్నదమ్ముడి లాంటి పరిశ్రమ.

ఆ సంవత్సరాల్లోనే ఎందుకు అంటే కరెంటు సంగతి కొంత తెలుసుకోవాలి. నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932లో నడవడం మొదలైంది. తక్కువ ఖర్చుకు కరెంటు దొరికేసరికి కోయంబత్తూరు చుట్టూ మిల్లులు వరసగా లేచాయి. వాటిలో చాలా వాటిని పెట్టింది తెలుగు మాట్లాడే నాయుళ్ళే. వాళ్ళు మనకు పది మెట్లు ముందున్నారు. పి.ఎస్.జి. కుటుంబం 1926లో ధర్మసంస్థ పెట్టి, దాని కింద ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ నడిపింది. మిల్లులకు, వర్క్‌షాపులకు కావలసిన మనుషులను తామే తయారు చేసుకోవాలన్న ఆలోచన దక్షిణాదిలో బలంగా నాటింది ఆ కోయంబత్తూరు తెలుగువాళ్ళే. జి.డి. నాయుడు కూడా అక్కడివారే. 1945లో ఆయన పూనికతో ఆర్థర్ హోప్ పేరుమీద మొదలైన కాలేజీయే ఇవాళ కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. చదువుకు ఏళ్ళ తరబడి కాలం పోగొట్టవద్దు, చేత్తో చేయించి తొందరగా నేర్పాలి అని ఆయన వాదించేవారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

నూలు మిల్లు అంటే ఎన్ని రకాల పనులో బయటివాళ్ళకు తెలియదు. పత్తి బేలు విప్పి దులిపేది బ్లోరూం. దువ్వేది కార్డింగ్. ఆ తర్వాత డ్రాయింగ్, సింప్లెక్స్, ఆపైన రింగ్ ఫ్రేమ్ మీద నూలు, చివర్న కోన్ వైండింగ్. ప్రతి చోటా ఆపరేటర్లు, వాళ్ళ మీద జాబర్లు, యంత్రం చెడిపోతే ఫిట్టర్లు, మోటార్లకు ఎలక్ట్రీషియన్లు, గాలిలో తేమ చూసుకోవడానికి వేరే మనిషి. తేమ తగ్గితే దారం పుటుక్కున తెగిపోతుంది. వీళ్ళందరి మీదా స్పిన్నింగ్ మాస్టర్. మా ఇళ్ళల్లో ఒకప్పుడు డాక్టర్ కన్నా స్పిన్నింగ్ మాస్టర్‌కు ఎక్కువ మర్యాద ఉండేది.

మొదట్లో ఈ పెద్ద పనులు తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు. కోయంబత్తూరు నుంచి, మదురై నుంచి రప్పించుకోవలసి వచ్చింది. మిగతా అందరినీ ఊళ్ళోనే తయారు చేసుకున్నారు. ఎలా అంటే, కుర్రవాడు ముందు ఊడ్చే పనికి వస్తాడు. తర్వాత బాబిన్లు మోస్తాడు. తర్వాత డాఫింగ్, అంటే నిండిన బాబిన్లు తీసి ఖాళీవి పెట్టడం. ఆపైన తెగిన దారం అతకడం. వేళ్ళు అలవాటు పడ్డాక రింగ్ ఫ్రేమ్‌లో ఒక సైడ్ ఇస్తారు. అప్పటిదాకా బదిలీవాడే, అంటే ఎవరైనా రానిరోజు మాత్రం వాళ్ళ బదులు పని. రోజూ సంగు మోగే వేళకు గేటు దగ్గర నిలబడాలి, పేరు పిలిస్తే లోపలికి, లేకపోతే ఇంటికి. మిల్లు సైరన్‌ను మేము ఇప్పటికీ సంగు అనే అంటాం.

పేరు పిలిచేది మేస్త్రీ. ఆ కాలపు ఇంటర్వ్యూ ఒకే ప్రశ్న: "నువ్వు ఎవరి కొడుకువిరా?" జవాబు సరిగ్గా ఉంటే పని దొరికినట్టే. తప్పు చేస్తే మేస్త్రీ పిలిచి తిట్టడు, సాయంత్రం నాయన దగ్గరికి వచ్చి చెప్తాడు. పూచీ కుటుంబానిది.

దేశమంతటా మిల్లుల్లో ఇదే పద్ధతి. 1929లో వేసిన విట్లీ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో, జాబర్ల చేతిలో నియామకాలు ఉండడం వల్ల లంచాలు, దౌర్జన్యం పెరుగుతున్నాయని, ఆ అధికారం వాళ్ళ నుంచి తీసేయాలని గట్టిగా చెప్పింది. మన ఊళ్ళో అంతా సవ్యంగా ఉందని మేము అనం. "ఎవరి కొడుకువి" అన్న ప్రశ్న మనకు తలుపు తీసింది కానీ, అదే ప్రశ్న ఇంకొందరి మొహం మీద తలుపు వేసింది. పెద్ద పనుల దాకా ఎవరు ఎక్కగలరన్నది కులాన్ని బట్టి, వీధిని బట్టి ఉండేది. ఆడవాళ్ళకు కొన్ని విభాగాలే, జీతమూ తక్కువే. మన వైభవం చెప్పుకునేటప్పుడు ఇది కూడా చెప్పుకోవాలి.

అయినా ఒక్క మాట. ఆ పద్ధతిలో నేర్పినవాడే పనిలో పెట్టుకునేవాడు. నేర్పడానికి పెట్టిన కాలం తనకే తిరిగి వస్తుంది కాబట్టి ఓపికగా నేర్పేవాడు. నేర్చుకున్నవాడు ఊళ్ళోనే ఉండేవాడు, ఇల్లు కట్టుకునేవాడు, చావిడికి చందా ఇచ్చేవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు.

395 సీట్లు

మిల్లు నేర్పే చదువు ఒకటి. కాలేజీ చదువు ఇంకొకటి. ఆ రెండోది మనవాళ్ళకు ఎంత దూరంలో ఉండేదో చెప్పడానికి ఒక్క అంకె చాలు.

1949 ఏప్రిల్ నుంచి 1952 ఏప్రిల్ దాకా మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి అధిపతి మన ఊరివారే, పి.ఎస్. కుమారస్వామి రాజా. ఆయన కాలంలో నడిచిన పెద్ద కేసు ఒకటి ఉంది. వైద్య, ఇంజనీరింగ్ కాలేజీల్లో సీట్లను కులాలవారీగా, మతాలవారీగా పంచే కమ్యూనల్ జీ.ఓ. మీద చంపకం దొరైరాజన్ కేసు. దానితో పాటే ఇంజనీరింగ్ సీటు కోసం శ్రీనివాసన్ అనే విద్యార్థి వేసిన కేసు. 1951లో సుప్రీంకోర్టు ఆ జీ.ఓ. చెల్లదంది. దాని ఫలితంగానే అదే సంవత్సరం రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి, వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే వీలు కల్పించారు.

ఆ తీర్పులోనే ఉంది ఆ అంకె. మద్రాసు రాష్ట్రంలో నాలుగు ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలు, అన్నీ కలిపి 395 సీట్లు. అప్పటి మద్రాసు రాష్ట్రం అంటే శ్రీకాకుళం నుంచి కన్యాకుమారి వైపు తిరునెల్వేలి దాకా, అటు మలబారు కూడా. 5.5 కోట్లకు పైగా జనం. ఏడాదికి 395 మంది ఇంజనీర్లు. ఒక్క సీటు కోసం సుప్రీంకోర్టు దాకా ఎందుకు వెళ్ళారో ఇప్పుడు అర్థమవుతుంది. ఇవాళ ఒక్క తమిళనాడులోనే 400కు పైగా ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, చాలా కాలేజీల్లో సీట్లు మిగిలిపోతున్నాయి. అప్పుడు సీటు దొరికితే ఉద్యోగం వెతుక్కోనక్కర్లేదు. ఇప్పుడు సీటు వెతుక్కోనక్కర్లేదు, ఉద్యోగం దొరకడమే కష్టం.

సర్టిఫికెట్ కాలం

1957లో మద్రాస్ సిమెంట్స్ కంపెనీ పెట్టారు. విరుదునగర్ దగ్గర తులుక్కపట్టిలో ఫ్యాక్టరీ లేచింది, ఆ కాలనీకి రామసామి రాజా నగర్ అని పేరు. 1962లో రామసామి రాజా పోయారు. 27 ఏళ్ళ కొడుకు పి.ఆర్. రామసుబ్రహ్మణ్య రాజా బాధ్యత తీసుకున్నారు, 2017లో పోయేదాకా మోశారు.

సిమెంటు నూలు లాంటిది కాదు. కిల్న్ అంటే పగలూ రాత్రీ తిరిగే కొలిమి, లోపల 1,400 డిగ్రీలకు పైన వేడి. దాన్ని ఊడ్చే పనితో మొదలుపెట్టి నేర్చుకోవడం కుదరదు. కెమిస్ట్ కావాలి, మెకానికల్ డిప్లొమా కావాలి, ఇన్‌స్ట్రుమెంట్లు చదవడం రావాలి. "ఎవరి కొడుకువి" అన్న ప్రశ్న పక్కన "ఏం చదివావు" అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది.

దేశంలో కూడా అదే గాలి. 1959లో ఖాళీలను ఎంప్లాయిమెంట్ ఎక్స్‌ఛేంజికి తప్పనిసరిగా తెలపాలని చట్టం వచ్చింది. 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. మన ఊళ్ళోనూ 1960లలో రామసామి రాజా పేరుమీద పాలిటెక్నిక్ వచ్చింది, ఐ.టి.ఐ. వచ్చింది. 1973లో రాజపాళయం రాజుల కాలేజీ మొదలైంది.

మా ఇళ్ళల్లో 1960ల తర్వాత పెరిగిన మగపిల్లలకు దారి దాదాపు ఒకటే. ఎస్.ఎస్.ఎల్.సి. పాసైతే పాలిటెక్నిక్, తప్పితే ఐ.టి.ఐ., అదీ కాకపోతే మిల్లు. ఎంప్లాయిమెంట్ కార్డు మడత నలగకుండా ట్రంకు పెట్టెలో దాచి, రెన్యువల్ తేదీ క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టేవారు. అమ్మలకు ఆ కార్డు మీద దేవుడి పటం మీద ఉన్నంత నమ్మకం. చాలామందికి ఆ కార్డు నుంచి ఒక్క ఉత్తరం కూడా రాలేదు, అది వేరే సంగతి.

అయినా ఆ కాలం చక్కగానే నడిచింది. ఎందుకంటే పాలిటెక్నిక్ పెట్టిందీ, మిల్లు నడిపిందీ ఒకే ఊరివాళ్ళు. ఏ యంత్రం కొనబోతున్నారో, ఏ ఫిట్టర్ రిటైర్ కాబోతున్నాడో నేర్పేవాళ్ళకు తెలుసు. డిప్లొమా కుర్రవాడు అప్రెంటిస్‌గా చేరేసరికి షిఫ్ట్ ఇంజనీర్ అతనికి మామో, పెదనాయనో, పక్కవీధి మనిషో అయ్యుండేవాడు.

ఐదు వందల ఏళ్ళ తర్వాత తిరుగు ప్రయాణం

ఈ కథలో మాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది. 1980లలో మద్రాస్ సిమెంట్స్ ఆంధ్రలో, కృష్ణా జిల్లా జగ్గయ్యపేట దగ్గర జయంతిపురంలో ఫ్యాక్టరీ కట్టింది. ఇప్పుడది ఎన్.టి.ఆర్. జిల్లా. అక్కడి కాలనీ పేరు కుమారసామి రాజా నగర్. 2022లో నంద్యాల జిల్లా కొలిమిగుండ్లలో ఇంకో ఫ్యాక్టరీ వచ్చింది. ఈలోగా 2013లో కంపెనీ పేరు రామ్‌కో సిమెంట్స్‌గా మారింది.

అంటే ఏమైంది? కత్తి పట్టుకుని తెలుగునేల విడిచి వచ్చారని చెప్పుకునే వాళ్ళ పిల్లలు, స్పానర్ పట్టుకుని, డిప్లొమా పట్టుకుని తెలుగునేలకు తిరిగి వెళ్ళారు. రాజపాళయం నుంచి వెళ్ళినవాళ్ళ తెలుగు విని అక్కడివాళ్ళు "మీది ఏ ఊరండీ?" అని అడిగేవారట. మన మాటలో తమిళ యాస, మధ్యలో అక్కడ ఎప్పుడో మరిచిపోయిన పాత మాటలు. మనవాళ్ళకేమో చుట్టూ బోర్డులన్నీ తెలుగులో, చదవడానికి మాత్రం అక్షరం రాదు. నోట్లో తెలుగు, చేతిలో తమిళం. అలా వెళ్ళిన కుటుంబాల్లో కొందరు పిల్లలకు అక్కడి బడిలో తెలుగు రాత వచ్చింది. ఇవాళ ఇలాంటి వ్యాసం తెలుగు లిపిలో రాయగలుగుతున్నామంటే, దాని వెనక అలాంటి ఉద్యోగ బదిలీలు కూడా ఉన్నాయి. ఉద్యోగం భాషను తీసుకుపోతుంది, ఒక్కోసారి తెచ్చి ఇస్తుంది కూడా.

రెండు చేతులు విడిపోయిన రోజు

1984లో తమిళనాడులో సొంత ఖర్చుతో నడిచే ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతి ఇచ్చారు. మన పక్కనే కృష్ణన్‌కోయిల్‌లో కలశలింగం కాలేజీ మొదలైంది ఆ సంవత్సరమే. శ్రీవిల్లిపుత్తూరు దాటగానే ఇంజనీరింగ్ కాలేజీ! 395 సీట్ల కాలం చూసిన తాతలు నమ్మలేకపోయారు. పొలం అమ్మి చదివించారు, నగలు కుదువ పెట్టి చదివించారు. 2007 నుంచి ప్రవేశ పరీక్ష కూడా తీసేశారు, ప్లస్ టూ మార్కులు చాలు. ఊళ్ళల్లోని పిల్లలకు, కోచింగ్ కొనుక్కోలేని ఇళ్ళకు ఇది మేలే చేసింది.

ఆ తరువాత కంప్యూటర్ వచ్చింది. మన ఊరి వ్యాపారం కూడా అటు అడుగు వేసింది. 1990లలో రామ్‌కో ఇండస్ట్రీస్‌లో ఒక విభాగంగా మొదలైన సాఫ్ట్‌వేర్ పని 1997లో రామ్‌కో సిస్టమ్స్‌గా వేరుపడింది. కంపెనీల లెక్కలు, స్టాకు, జీతాలు అన్నీ ఒకేచోట చూసే ఇ.ఆర్.పి. సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. కానీ దాని ఇల్లు మద్రాసులో. పత్తి ఉన్నచోటికి మిల్లు వస్తుంది, సున్నపురాయి ఉన్నచోటికి సిమెంటు ఫ్యాక్టరీ వస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు కావలసింది ప్రోగ్రామర్లు, విమానాశ్రయం, కొనేవాళ్ళు. అవి మన కొండ కింద లేవు.

అదే కాలంలో అమెరికా తలుపు తెరుచుకుంది. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బి వీసాలకు ఏడాదికి 65,000 పరిమితి. దాన్ని 1999, 2000కి 1,15,000 చేశారు, 2001 నుంచి మూడేళ్ళు 1,95,000. మళ్ళీ 2004లో 65,000కు దింపేశారు. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ తెరిచారు, అమీర్‌పేటలో కోర్సుల బోర్డులు వీధులు నింపేశాయి. మన పిల్లలు చెన్నై, బెంగళూరు మీదుగా అదే దారి పట్టారు. మీటర్ గేజ్ పోయి బ్రాడ్ గేజ్ వచ్చాక పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ఎగ్మూరు.

ఇక్కడే రెండు చేతులు విడిపోయాయి. నేర్పింది ఊరి పక్క కాలేజీ, తీసుకున్నది ఎక్కడో ఉన్న కంపెనీ. కాలేజీకి కంపెనీ ఎదురుగా కనపడదు, కంపెనీకి ఊరు కనపడదు. కంపెనీలు కూడా తెలివిగానే చేశాయి: ఏ బ్రాంచి చదివినా పరవాలేదు, ఆప్టిట్యూడ్ పరీక్ష పాసైతే చాలు, మిగతాది మేమే నేర్పుతాం అన్నాయి. సివిల్ చదివినవాడు, టెక్స్‌టైల్ చదివినవాడు, అందరూ కోడింగ్‌కే వెళ్ళారు. నాలుగేళ్ళ చదువు ఒక టిక్కెట్ అయింది.

మిల్లుల వైపు చూస్తే దీని రెండో ముఖం కనిపిస్తుంది. చదువుకున్న పిల్లలు మిల్లుకు రావడం మానేశారు. మనుషుల కొరత వచ్చింది. తమిళనాడు నూలు మిల్లుల్లో చాలాచోట్ల పేద ఇళ్ళ ఆడపిల్లలను మూడేళ్ళ ఒప్పందం మీద హాస్టల్లో పెట్టి, చివర్లో పెళ్ళి ఖర్చుకు పెద్ద మొత్తం ఇస్తామని చెప్పి పని చేయించుకున్నారు. దానికి సుమంగళి పథకం అని మంగళకరమైన పేరు. స్వేచ్ఛ లేదని, చట్టప్రకారం జీతం లేదని దాని మీద ఎంతో విమర్శ వచ్చింది. ఆ తర్వాత ఒడిశా, బీహారు, జార్ఖండ్ నుంచి కుర్రవాళ్ళు వచ్చారు. ఇవాళ రాజపాళయం సంతలో హిందీ, ఒడియా వినపడతాయి. మన పిల్లలు న్యూజెర్సీలో ఎలా ఉన్నారో, ఆ పిల్లలు మన ఊళ్ళో అలా ఉన్నారు. ఊరు వదిలి, భాష రాని చోట, ఒకే గదిలో నలుగురు. వాళ్ళను చూసేటప్పుడు మనకు ఇది గుర్తుండాలి.

ఇప్పుడు

2013లో మన ఊళ్ళోనే రామ్‌కో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మొదలైంది. ఇంజనీరింగ్ చదువు కోసం ఊరు దాటనక్కర్లేదు. మరి చదివాక?

2022 చివర్లో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తామని ప్రకటించాయి. 2025 జూలైలో టి.సి.ఎస్. కూడా సుమారు 12,000 మందిని తగ్గిస్తామంది. ఒకప్పుడు టి.సి.ఎస్.లో ఉద్యోగం అంటే గవర్నమెంటు ఉద్యోగంతో సమానం అని సంబంధాలు కుదిర్చిన ఊరు మనది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. కొత్తగా చేరిన కుర్రవాడు చేసే చిన్నచిన్న కోడింగ్ పనులు కృత్రిమ మేధ చేసేస్తోంది. అంటే మన పాత మిల్లు మాటలో, ఊడ్చే పనీ బాబిన్లు మోసే పనీ పోయాయి, నేరుగా జాబర్‌గా రమ్మంటున్నారు. జాబర్ అయ్యేది ఆ చిన్న పనులు చేసే కదా? ఈ ప్రశ్నకు పెద్ద కంపెనీల దగ్గర కూడా ఇంకా సరైన జవాబు కనిపించడం లేదు.

ఈ పరిస్థితిలో మనకు 60 కిలోమీటర్ల దూరంలో జరుగుతున్నది చూడాలి. తెన్‌కాశి దగ్గర మత్తలంపారైలో జోహో కంపెనీ 2011లో ఆఫీసు పెట్టింది. అప్పటి దాని అధిపతి శ్రీధర్ వెంబు తర్వాత అక్కడికే వచ్చి ఉంటున్నారు. ప్లస్ టూ, డిప్లొమా అయిన పిల్లలను తమ సొంత బడిలో చేర్చుకుని, నేర్చుకునేటప్పుడు కూడా డబ్బు ఇచ్చి, తర్వాత ఉద్యోగంలోకి తీసుకుంటున్నారు. డిగ్రీ అడగరు. జి.డి. నాయుడు మాట గుర్తుందా? చేత్తో చేయించి తొందరగా నేర్పాలి అన్నది? మన 1936 మిల్లు చేసింది కూడా దాదాపు అదే. నేర్పేదీ తీసుకునేదీ ఒకే చెయ్యి. తేడా ఏమిటంటే, "ఎవరి కొడుకువి" అని అడగరు. ఆ ప్రశ్న పోవడం మంచిదే.

అన్ని ఊళ్ళకూ జోహో రాదు. ఒక్క కంపెనీ మీద ఊరు ఆధారపడడం కూడా క్షేమం కాదు, మన పెద్దలు మిల్లు సమ్మెల్లో అది చూశారు. కానీ పద్ధతి మాత్రం మనకు కొత్త కాదు, మన చావిళ్ళకు, మన మిల్లులకు తెలిసినదే. ఇవాళ నూలు మిల్లులో రింగ్ ఫ్రేములకు సెన్సర్లున్నాయి, దారం తెగితే కంప్యూటర్ చెప్తుంది, ఆటోకోనర్ తానే అతుకుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలో కంట్రోల్ రూం చూస్తే విమానం నడుపుతున్నట్టుంటుంది. వీటిని బాగుచేసేవాళ్ళకు ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్, యంత్రం మూడూ తెలియాలి. అలాంటి పనివాళ్ళు దొరకడం లేదని మిల్లులవాళ్ళు అంటారు, ఉద్యోగాలు లేవని కాలేజీ పిల్లలు అంటారు. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మధ్యలో మేస్త్రీ లేడు, అంతే. కులం చూడని, లంచం తీసుకోని, ఇటు పిల్లవాడి చెయ్యీ అటు యంత్రం అవసరమూ తెలిసిన మేస్త్రీ ఇప్పుడు కావాలి. అది ఒక మనిషి కావచ్చు, కాలేజీ కావచ్చు, రిటైరయిన ఫిట్టర్లూ ఇంజనీర్లూ కలిసి చావిట్లో వారానికి ఒకరోజు కూర్చునే సభ కావచ్చు.

హోసూరులో, కోయంబత్తూరులో, ఖరగ్‌పూర్‌లో, డల్లాస్‌లో ఉన్న మనలాంటి తెలుగు కుటుంబాలకు చెప్పదలుచుకున్నది ఇదే. పిల్లవాణ్ణి ఎక్కడైనా చేర్పించేటప్పుడు ప్లేస్‌మెంట్ ఎంత శాతం, ప్యాకేజీ ఎంత అని అడుగుతున్నాం. అడగండి. దానితో పాటు ఇంకొకటి అడగండి: ఇక్కడ నేర్పేవాళ్ళలో ఆ పని చేసినవాళ్ళు ఎందరు? తీసుకునేవాళ్ళు నేర్పడానికి ఎంత ఖర్చు పెడతారు? ఒక బిడ్డకు నేర్పినవాడు ఆ బిడ్డను అంత సులభంగా వదులుకోడు. నేర్పకుండా తీసుకున్నవాడికి తీసేయడం కూడా సులభమే.

ఇక మన తెలుగు సంగతి. మనం ఇన్ని వందల ఏళ్ళు తెలుగు నిలుపుకున్నది బడిలో కాదు, పుస్తకంలో కాదు. నలుగురు ఒకేచోట ఉండి, ఒకే షిఫ్ట్‌కు పోయి, ఒకే వీధికి తిరిగి వచ్చారు కాబట్టి. ఊళ్ళో పని ఉంటే వీధి ఉంటుంది, వీధి ఉంటే మాట ఉంటుంది. రాజపాళయంలో పది మంది పిల్లలకు మంచి టెక్నికల్ ఉద్యోగం దొరికితే పది ఇళ్ళల్లో తెలుగు ఇంకో తరం బతుకుతుంది. భాషాభిమాన సభలకు మేము కూడా వెళ్తాం, చందా ఇస్తాం. ఈసారి సభలో మాత్రం ఉద్యోగాల మాట ఎత్తాలనుకుంటున్నాం. మీ ఊళ్ళో మనవాళ్ళు పని ఎలా నేర్చుకున్నారో, ఎవరు నేర్పారో మీ పెద్దలను అడిగి రాసి పెట్టుకోండి. ఆ పెద్దలు ఉండగానే అడగండి.